గిటారూ, ఇంటి శ్రుతీ

గిటార్ కొనాలని నిర్ణయించుకునేనాటికి నేను ఒక్క గిటార్‌ని కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే దాని గురించి రెండు నెలలు చదివాను. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పనైనా ముందు చదవడంతోనే మొదలుపెడతాను. వంట కూడా అలాగే మొదలుపెట్టాను. మొదటి నెల ఏం తిన్నానో ఇక్కడ రాయను.

నా భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆమె సంగీతం టీచరు. చీపురుపల్లిలో మా ఇంటి ముందుగదిలో రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు పిల్లలకు పాఠం చెప్పేది. ఆ గంటసేపూ నేను బయట అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆమె పోయాక మిగతా రోజంతా ఎలాగో గడిచేది. ఉదయం పనులుంటాయి, మధ్యాహ్నం నిద్ర ఉంటుంది, రాత్రికి పుస్తకాలుంటాయి. ఆ ఒక్క గంటే గడిచేది కాదు. నడక మొదలుపెట్టాను. స్టేషను దాకా వెళ్ళి, బెంచీ మీద కాసేపు కూర్చుని, తిరిగొచ్చి గడియారం చూస్తే ఆరూ ఇరవై ఐదు. టీవీ పెట్టుకున్నాను. అందులో అందరూ అరుస్తున్నారు. చదవడమూ కుదరలేదు, ఒకే పేజీ నాలుగుసార్లు చదివి, ఎవరు ఎవరికేమవుతారో తెలియక మూసేసేవాణ్ణి. దుఃఖం మీద పెద్దవాళ్ళు రాసినవి చాలానే చదివాను. బాగానే రాశారు. ఆరు గంటలకు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ రాయలేదు.

చేతులకు పనుండాలనిపించింది. ఏదైనా వాయిద్యం నేర్చుకుందామనుకున్నాను. ఇంట్లో వీణ ఉంది, ఆమెది. కానీ ఆమె పుట్టింటివాళ్ళు తరతరాలుగా గుడి సేవలో ఉన్న సంగీతం మనుషులు. వీణ మీద చెయ్యి వేస్తే ఎవరో ఒకరు మీటు తప్పంటారు. వయొలిన్ అంటే బావమరిది ఉన్నాడు. మృదంగం అంటే వాళ్ళ బాబాయి ఉన్నాడు. ఆ కుటుంబంలో ఎవరికీ ఒక్క ముక్క కూడా తెలియని వాయిద్యం కావాలి. ఆమె చెయ్యి ఎన్నడూ పడనిది కావాలి. వెతికితే గిటార్ మిగిలింది.

అందులోనూ నాకు స్టీలు తీగల గిటార్ నచ్చింది, పాతకాలపు మోడల్. మన తాతల నాటి పద్ధతిలో ఇప్పుడు మళ్ళీ కొత్తగా చేస్తున్నారు. పెట్టె చిన్నది, ఒడిలో పడుతుంది. శబ్దం నాలుగిళ్ళ అవతలికి వెళ్ళదు. కరెంటుతో పనిలేదు. మీద ఏ సోకూ ఉండదు. ఏ కర్రకు ఎలాంటి నాదం వస్తుందో, మెడ ఎంత వెడల్పుండాలో కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని, విజయనగరంలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాను. చెప్పకుండా కొంటే ఏడాది పొడుగునా దెప్పుతాడు.

“గిటారేటి బావా?” అన్నాడు.

“గిటారే.”

“ఈ వయసులోన? జుత్తు కూడా పెంచుతావేటి?”

“ఉంటే గదా పెంచడానికి.”

నవ్వాడు. వాళ్ళ అక్క పోయాక అతను ఫోన్లో నవ్వడం నేను వినలేదు. తర్వాత గొంతు తగ్గించాడు.

“వీణ ఉన్నాది గదా ఇంట్లోన. అప్పది.”

మావైపు అక్కని అప్ప అంటాం.

“ఉంది. అందుకే వేరేది కావాలి” అన్నాను.

“సరే, శనివారం రా. నేనూ వస్తాను. వాయిద్యం కొనడానికి మా ఇంట్లో ఒక్కరే ఎల్లరు, తెల్సు గదా.”

తెలుసు. వాళ్ళింట్లో వాయిద్యం కొనడానికి ఒక పద్ధతి ఉంది. ఇంట్లో విద్య తెలిసినవాళ్ళు వెంట వెళ్ళాలి. దుకాణంలో వాయిద్యాన్ని ఇంటి శ్రుతికి కలిపి, ముందు ‘స’ మోగించి వినాలి. విన్నాకే ధర అడగాలి. ముందే ధర అడిగితే వాయిద్యాన్ని కాదు, సరుకుని కొన్నట్టని వాళ్ళ నాన్న అనేవాడు. ఇంటి శ్రుతి అంటే ఆ ఇంట్లో పాడేవాళ్ళ శ్రుతి. హార్మోనియం మెట్లను లెక్కబెట్టి దాన్ని ఒకటి, రెండు, ఐదున్నర అని చెబుతారు. మగవాళ్ళ గొంతులు సాధారణంగా ఒకటికీ రెండున్నరకీ మధ్యన ఉంటాయి. ఆడవాళ్ళవి ఐదు పైన. మా ఇంటి శ్రుతి ఐదున్నర. ముందుగదిలో ఆమె శ్రుతిపెట్టె ఇప్పటికీ ఐదున్నర మీదే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు కూడా నేను ఆ మీట కదపను.

శనివారం ఉదయం పాసింజరు ఎక్కి విజయనగరంలో దిగాను. బావమరిది ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు. కచేరీకి వచ్చినట్టు వచ్చాడు. నా కాగితం తీసుకుని చదివాడు.

“ఏటిది, పెళ్ళికూతురి వివరాలా?” అన్నాడు.

“అన్నీ కుదరకపోవచ్చు.”

“కుదరవు. మీ పెళ్ళప్పుడు మాత్రం కుదిరాయేటి? పాట వచ్చిన అల్లుడు కావాలని మా నాన్న ఊళ్ళన్నీ తిరిగేడు. చివరికి నువ్వొచ్చేవు.”

దుకాణం ఒక సందులో మేడమీద ఉంది. హార్మోనియంలు, డోలక్‌లు, పెళ్ళి బ్యాండు డ్రమ్ములు, కీబోర్డులు. యజమానికి నలభై ఏళ్ళుంటాయి. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడట, బావమరిదికి ముఖ పరిచయం. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

“రండి గురువుగారూ. వయొలిన్ తీగలాండి?”

“గిటారు” అన్నాడు బావమరిది, పక్కవాళ్ళు వింటారేమో అన్నంత మెల్లగా.

“ఎవులికండి? కాలేజీ బాబుకా?”

“నాకే” అన్నాను.

అతను బావమరిది వైపు చూశాడు. బావమరిది ఫ్యాన్ వైపు చూశాడు.

యజమాని మొదట నల్లటిది తీశాడు. మీద మంటల బొమ్మ. తర్వాత నీలంది, దాని మీద డేగ. 

“ఇది బాగా పోతాదండి. స్టేజీ మీద మెరిసిపోద్ది.”

“నేను స్టేజీ ఎక్కను.”

“అయితే ఇంట్లోనే మెరుస్తాది.”

బావమరిది చేతిలో ఉన్న నా కాగితం చూసి పాతకాలపు మోడల్ అని చదివాను. యజమాని ముఖం మారిపోయింది. స్టూలెక్కి, పై అర వెనకనుంచి రెండు పెట్టెలు దింపాడు. చొక్కా చేత్తో దుమ్ము తుడిచాడు.

“ఇవి అడిగినోడు మీరొక్కరేనండి. నాకు నచ్చి తెప్పించేను. సూసినోళ్ళందరూ సెకండ్ హ్యాండా అంతారు. కాదు బాబూ, కొత్తదే, పాతదాన్నాగ సేసారు అంతే, ఎందుకూ అంతారు. ఆ ఎందుకుకి నాకాడ జవాబు నేదు.”

“పాతదే కావాలంటే మా అటక మీద ఉన్నాది బావా” అన్నాడు బావమరిది. “బూజుతో సహా ఊరికే ఇస్తాను.”

రెండూ ఒకే కొలత. అంచుల్లో ముదురు రంగు, నడుమ తేనెరంగు. మెరుపు లేదు. ఒకదానికి మాత్రం నడుమ గుండ్రటి రంధ్రం చుట్టూ ముత్యపు చిప్పల వరస, మెడ మీద మెట్ల మధ్యన తెల్లటి పువ్వులు. రెండోదానికి చుక్కలు తప్ప ఏమీ లేవు. బావమరిది పువ్వులున్నదాని ముందు కూర్చున్నాడు.

“ఇది తీసుకో. వీణలాగ ఉన్నాది.”

“పువ్వులు మోగవు కదరా.”

“మోగకపోతే ఏటి? ఎదురుగ్గా కూకున్నోడు సూడాలి గదా.”

“ఎదురుగ్గా ఎవరూ కూర్చోరు” అన్నాను. మామూలుగానే అన్నాను. అతను వెంటనే కాగితం మడతలు సరిచేసే పనిలో పడ్డాడు.

నేను సాదాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో తీగలన్నిటి మీదా ఒకసారి రాసాను. దీని నాదం పొడిగా ఉంటుందని చదివాను. పొడి అంటే ఏమిటో అప్పటిదాకా తెలియదు. మోగి, వెంటనే తగ్గి, ఆగింది. పువ్వులున్నది కాస్త ఎక్కువసేపు మోగింది. నాకు ఆగేదే నచ్చింది. పక్క చెక్కకు చెవి ఆనించి మళ్ళీ వాయించాను. అది కాగితంలో రాసుకోలేదు, ఎందుకో చేశాను. చెంపకు చెక్క అదురు తెలిసింది.

ఇంతలో కింద ఎవరో హార్మోనియం బాగుకు తెచ్చారని పిలిస్తే యజమాని మెట్లు దిగి వెళ్ళాడు. బావమరిది నా ఒళ్ళోంచి గిటార్ తీసుకున్నాడు. ఫోన్లో శ్రుతి పెట్టాడు. ఐదున్నర. చిన్న గదిలో అది వినగానే నేను కిటికీ వైపు తిరిగాను. ఏడాదిగా వినలేదు.

“ఏం చేస్తున్నావురా?”

“ఇంటి శ్రుతికి కలుపుతన్నాను. ఆరు తీగలు, మా వయొలిన్‌కిలాగే స ప స ప, మరి రెండు అదనం. అదెంత పని.”

వయొలిన్‌కి తీగలు బిగించే మేకులు చెక్కవి. ఒక హద్దు దాటితే తిరగమని మొరాయిస్తాయి. గిటార్‌కి పళ్ళ చక్రాలుంటాయి. తిప్పితే తిరుగుతూనే ఉంటాయి, వద్దని చెప్పవు. లావు తీగను లాగి ‘స’ దగ్గర నిలబెట్టాడు. రెండోదాన్ని ‘ప’ దాకా లాగాడు. పెట్టె ఎక్కడో సన్నగా కిర్రుమంది. అతనికి వినిపించలేదు, అతను శ్రుతి వింటున్నాడు. మూడో తీగను తిప్పుతూ, “వస్తన్నాది, వస్తన్నాది” అన్నాడు.

తీగ ఠప్పున తెగింది. కొస అతని మణికట్టు మీద గీసుకుపోయింది. నేను చెయ్యి పట్టుకునేలోపు యజమాని రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

“అయ్యో గురువుగారూ! ఏటి సేసినారు?”

“శ్రుతి సేస్తన్నాను. నీ తీగలు నాసిరకం.”

“శ్రుతిలోనే ఉన్నాది గదండీ!”

“ఆ శ్రుతి ఎవడిక్కావాలి? ఇంటి శ్రుతి ఐదున్నర.”

యజమాని గిటార్ అందుకుని మిగిలిన తీగలన్నీ వదులు చేశాడు. కింద తీగలు పట్టుకునే చెక్క ఒకటుంటుంది, బ్రిడ్జి అంటారు. దాని అంచు కిందకి బిల్లుపుస్తకం కాగితం మూల దూర్చి చూశాడు. దూరలేదు.

“బతికింది. ఇంకో రెండు తిప్పులు తిప్పుంటే ఇది లేచిపోయి మీ ఒళ్ళో కూకునేది” అన్నాడు. తర్వాత అడిగాడు: “ఐదున్నర ఆడోళ్ళ శ్రుతి గదండీ. ఎవుల్ది?”

“మా అప్పది” అన్నాడు బావమరిది.

“ఆవిడ పాడతారేటండి దీనితోటి?”

బావమరిది మణికట్టు మీద గీత చూసుకుంటూ ఉండిపోయాడు. నేను చెప్పాను, “లేదండి. ఆమె లేదు.”

యజమాని జాలి మాటలేవీ చెప్పలేదు. సొరుగు లాగి కొత్త తీగ తీశాడు, కొస దూర్చి చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూనే అడిగాడు.

“మరి వాయించీది మీరు గదా. మీ శ్రుతెంత?”

“బావ పాడడు” అన్నాడు బావమరిది.

“పాడకపోతే ఏటండి. గొంతుంటాది గదా.”

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. సంగీతం ఇంట్లో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. వచ్చిన ప్రతి పిల్లకీ మొదటిరోజే శ్రుతి చూసేవారు. నాది ఎవరూ చూడలేదు, నేనూ చూడమనలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె సాధన చేస్తుంటే పక్కన కూర్చుని కూనిరాగం తీసేవాణ్ణి. ఐదున్నర నాకు అందదు. పైకెళ్ళి కీచుమనేది, కిందకొచ్చి గొణిగేది. ఒకరోజు పాఠానికొచ్చిన పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె వాళ్ళను కసిరింది గాని, తనకూ నవ్వొచ్చింది, నేను చూశాను. నాకూ వచ్చింది. మర్నాటి నుంచి పుస్తకం పట్టుకుని అరుగు మీదకి వెళ్ళాను. అందులో బాధేమీ లేదు. అరుగు చల్లగా ఉండేది, పాట వినబడేది. కానీ తర్వాత నేను ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ సంగతి నాకు ఆ దుకాణంలోనే గుర్తొచ్చింది.

“ఊఁ అనండి సాలు” అన్నాడు యజమాని. “ఎత్తుకోకండి, దించకండి. పొద్దున్న లేసి ఎవులన్నా పిలిస్తే ఎలగ పలుకుతారు, అలగ.”

ఇద్దరి ముందు ఊఁ అనడం ఎంత కష్టమో అన్నాక తెలిసింది. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి ఊఁ వచ్చింది. యజమాని తల వంచుకుని, కొత్తగా చుట్టిన తీగను మీటుతూ మెల్లగా ఎక్కించాడు. అది నా గొంతు కింద నుంచి వచ్చి, గొంతును కలుసుకుని, ఆగింది. తీగ ఏదో నేనేదో కాసేపు విడిగా తెలియలేదు.

“రెండు” అన్నాడు బావమరిది.

మేమిద్దరం అతని వైపు చూశాం. అతను ఆ మాట అనాలని అన్నట్టు లేదు. చెవి ఊరుకోలేదు, అంతే.

“రెండు శ్రుతి బావా నీది. సూటిగా ఉన్నాది. ఇన్నాళ్ళూ ఎవులికీ తెలీనేదు.”

“ఈ తీగ ఉండాల్సింది కూడా అక్కడేనండి” అన్నాడు యజమాని సంతోషంగా. “దేన్నీ కదపక్కర్నేదు.”

బావమరిది లేచి అద్దాల బల్ల దగ్గరికి వెళ్ళాడు. అందులో ఉన్న ఇనుప క్లిప్పు లాంటిదాన్ని చూపించి ఏమిటని అడిగాడు. దాన్ని కేపో అంటారని, మెడ మీద ఎక్కడ బిగిస్తే అక్కణ్ణుంచి శ్రుతి పైకి జరుగుతుందని యజమాని చెప్పాడు. 

“అంటే ఐదున్నర వస్తాదా? తీగలు తెగకుండా?”

“ఆరో మెట్టు మీద బిగించండి. వచ్చెత్తాది.”

“అదీ ఇచ్చీ” అన్నాడు బావమరిది.

“వద్దు” అన్నాను.

“ఎందుకొద్దు? ఉంటాది, ఒక మూల పడుంటాది.”

“పడుండదురా. రోజూ ఆరింటికి నేను దాన్ని బిగిస్తాను. బిగించి, మీటి, అవతలి గదిలోంచి పాట వస్తుందేమోనని కూర్చుంటాను. వాయించను. నా సంగతి నాకు తెలుసు.”

“అయితే అప్ప శ్రుతి ఇంట్లోంచి ఎల్లిపోవాలేటి?” గొంతు పెంచాడు. యజమాని డోలక్ తాళ్ళు సర్దే నెపంతో అటు తిరిగాడు.

“ఎక్కడికీ వెళ్ళదు. శ్రుతిపెట్టె అలాగే ఉంది. వీణ అలాగే ఉంది. నువ్వొచ్చినప్పుడు వాయించు, నేను అరుగు మీద కూర్చుని వింటాను. కానీ ఆ గంటకి నాకొకటి కావాలి. నా ఒక్కడిది.”

అతను చాలాసేపు నన్ను చూశాడు. తిరిగి వచ్చి కూర్చుని, సాదా గిటార్ అందుకుని, మెడ పొడవునా కన్నుపెట్టి చూశాడు. మెడ వంకర చూడటం వయొలిన్ వాళ్ళకీ తెలిసిన పనే.

“తిన్నగానే ఉన్నాది” అన్నాడు. “పువ్వుల్దానికి రవ్వంత వంకరుంది. నీ అదృష్టం.” గిటార్ నా ఒళ్ళో పెట్టాడు. “మరి పద్ధతి ప్రకారం కానీ. స మీటు. ధర తర్వాత.”

నేను బొటనవేలితో ఆ తీగ మీటాను. ముగ్గురం ఆగేదాకా విన్నాం. అప్పుడు బావమరిది యజమాని వైపు తిరిగి, అంతవరకూ లేని కఠినమైన గొంతుతో, “ఇప్పుడు సెప్పు, ఎంత?” అన్నాడు. తర్వాతి అరగంట సంగీతానికి సంబంధించింది కాదు.

మర్నాడు ఆరింటికి ముందుగదిలో కుర్చీ వేసుకున్నాను. అరుగు మీద కాదు. యజమాని కాగితం మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో బొమ్మలు గీసి ఇచ్చాడు. అవన్నీ పెట్టి చూశాను. ఒకటీ సరిగా పలకలేదు. ఎడమచేతి వేళ్ళ కొసలు మండిపోయాయి. ఆ కాగితం పక్కన పెట్టి, ఆ ఒక్క తీగే మీటుతూ ఊఁ అన్నాను. మొదట తలుపు వేసి అన్నాను. తర్వాత ఉక్కపోస్తే తలుపు తీసి అన్నాను. వీధిలో కూరగాయల బండి ఆమె ఒకసారి లోపలికి తొంగిచూసి, నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని, “ఏటి బాబూ, మూలుగుతన్నారు?” అని అడిగింది. పాడుతున్నానని చెప్పాను. “ఓహో” అని, ఇంకేం అడగకుండా బండి తోసుకుపోయింది.

ఫోన్ మోగింది. బావమరిది.

“ఏటి బావా, ఎంతవరకొచ్చింది?”

“వేళ్ళు బొబ్బలెక్కాయి.”

“ఎక్కుతాయి. ఏటి వాయించేవు?”

“స.”

“ఇంకేటి?”

“ఇంకేం లేదు. సనే.”

“ఎంతసేపట్నించి?”

గోడ గడియారం చూశాను. ఏడూ పది. మళ్ళీ చూశాను. 

“బావా, ఉన్నావా?”

“ఆరింటి నుంచి” అన్నాను.

“ఫోను బల్ల మీద ఎట్టి ఒకసారి మీటు, విందాం.”

బల్ల మీద పెట్టాను. మీటాను.

“తగ్గింది” అన్నాడు. “కొత్త తీగ గదా, సాగుతాది. రవ్వంత ఎక్కించు. మెల్లగా. నాలాగ కాదు.”

చక్రాన్ని కొంచెం తిప్పి మళ్ళీ మీటాను.

“ఇంకా.”

ఇంకొంచెం తిప్పాను.

“ఆఁ, అక్కడ” అన్నాడు. “అదీ రెండు. ఇంక ఆపీ బావా, వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని అన్నం తిను.”